పప్పుండ రాయిలో నీళ్ళు

మదార్బీ నా కొట్లోకి అడుగు పెట్టిందంటే ఆ రోజు నాకు పరువు మిగలదు. కరివేపాకు కట్ట విప్పి, రెబ్బ తుంచి వాసన చూసి, "ఇది చెట్టు మీదున్నప్పుడు నీకింకా పెండ్లి గాలేదు గదా లాలన్నా" అని గిరాకీల ముందే అనేస్తుంది. నాకు మనవలున్నారు. కరివేపాకేమో మొన్నటి విమానంలో వచ్చింది. అయినా మాట పడాల్సిందే. ఆ మనిషి నోటికి ఎదురు చెప్పి గెలిచినవాణ్ణి సౌదీలోని ఈ తబూక్‌లో నేనింతవరకు చూడలేదు.

మావాళ్ళు ఆమెకు పొగరంటారు. అరబ్బు ఇంట్లో పనికి వచ్చిన ఆడదానికి అంత పొగరు పనికిరాదంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పొగరుంది, లేదనను. పనికి వచ్చింది గానీ నోరు ఊళ్ళో వదిలేసి రాలేదు కదా! ఆ పొగరు ఏం చేసిందో నేను కళ్ళారా చూశాను. అందుకే చెప్తున్నాను.

ఆమెదీ నాదీ రాయచోటి వైపే. ఇద్దరమూ దూదేకులవాళ్ళమే. ఆమె నాయన దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా పరుపులు కుట్టినవాడు. మా ఇండ్లల్లో నమాజు అరబ్బీలో, పోట్లాట తెలుగులో. ఉర్దూ అంటే సంతలో విన్న నాలుగు ముక్కలే. హైదరాబాదు వాళ్ళకు ఇదొక నవ్వులాట. "ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా?" అని ఒకాయన నా కొట్లోనే మదార్బీని అడిగాడు. "తెలుగు గడ్డ మీద పుట్టి నీకు తెలుగు రాదే, నిన్ను నేనడిగినానా?" అని ఈమె తిప్పికొట్టింది. ఆయన మళ్ళీ మా కొట్టు వైపు రాలేదు. పోతే పోయాడు.

మదార్బీ పనిచేసేది ఉమ్ నాయెఫ్ అనే పెద్దావిడ ఇంట్లో. ఉమ్ నాయెఫ్ అంటే నాయెఫ్ తల్లి అని. అక్కడ పెద్ద ఆడవాళ్ళను పేరు పెట్టి పిలవరు. పనివాళ్ళు మామా అంటారు, అమ్మా అన్నట్టు. ఇంటి మగవాళ్ళను బాబా అంటారు. ఊరి బయట మజ్రా ఉంది వాళ్ళకు, అంటే తోట. ఇల్లు కూడా ఆ తోటలోనే. పెద్దావిడకు మోకాళ్ళు పోయాయి, చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. కానీ ఆ తోటలో ఖర్జూరపు చెట్లన్నీ ఆవిడ కాలు బాగున్నప్పుడు పుట్టింటి నుంచి పిలకలు తెచ్చి, తన చేత్తో నాటుకున్నవి. వాటికి కొడుకు కంటే ఒక మెట్టు పైనే మర్యాద.

కొడుకు నాయెఫ్‌కు ఒంటెల పిచ్చి. ఒంటెల మేతకు లూసర్న్ గడ్డి వేస్తానని తల్లి వెంట పడ్డాడు. లూసర్న్ అంటే తాగుబోతు పంట, ఎన్ని నీళ్ళు పెట్టినా చాలవు. ఈలోగా పక్క తోట వాళ్ళ బోరు ఎండిపోయి, వాళ్ళ ఖర్జూరాలు మట్టలు వేలాడేశాయి. పెద్దావిడ హడలిపోయింది. "నా నేల కడుపులో ఎన్ని నీళ్ళున్నాయో తెలిసేదాకా కొత్తగా ఒక్క గింజ వెయ్యనివ్వను" అని కొడుక్కి చెప్పేసింది.

నీళ్ళు చూసుకోవడానికని, మోటారు బోరుకు కొంత దూరంలో, సన్నటి బోరు ఒకటి వేయించారు. దాంట్లో మోటారు ఉండదు. నీళ్ళు తోడరు. ఎంత లోతులో ఉన్నాయో కొలవడానికే అది. వేసిన కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు తబ్రేజ్, హైదరాబాదువాడు, మంచివాడే. లోపల నుంచి వచ్చిన రాతి ముక్క ఒకటి మదార్బీ చేతిలో పెట్టాడట. గట్టిపడిపోయిన బంకమట్టి, దాంట్లో చిన్నా పెద్దా గులకరాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి.

"ఇది రాయి కాదు సారూ, పప్పుండ," అంది మదార్బీ. బెల్లంపాకంలో చెనగ్గింజలు వేసి చుట్టిన పప్పుండ లాగే ఉందట.

తబ్రేజ్ నవ్వి, ఇది మంచు పెట్టిపోయిన రాయి అని చెప్పాడు. పొడినేల మీద మనుషులు, జంతువులు, చెట్లు ఏవీ లేని కాలంలో ఈ నేల భూమికి అడుగున, దక్షిణ ధ్రువం దగ్గర ఉండేదట. దాని మీద కొండలంత మంచు జరుగుతూ మట్టినీ రాళ్ళనీ కలిపి తోసుకొచ్చి పడేసిందట. "సౌదీలో మంచా? సారు ఎండదెబ్బ తిన్నాడు" అని ఆ ఇంటి డ్రైవరు మస్తాన్ వలీ నా కొట్టుకు వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. మస్తాన్ వలీది నంద్యాల. నవ్వడానికి, తలూపడానికి అల్లా పుట్టించిన మనిషి.

మదార్బీ నవ్వలేదు. "సరే సారూ, మంచు పెట్టిన రాయే అనుకో. దీంట్లోనే ఎందుకు కొలవల్ల?" అని అడిగింది. తబ్రేజ్ చెప్పిన జవాబు నాకు ఆమె నోటే తెలిసింది. మోటారు బోరు ఇసుకరాయిలో ఉంది. మోటారు వేస్తే అక్కడ నీళ్ళు దిగుతాయి, ఆపితే ఎక్కుతాయి. ఆ బోరు మాటకు నిలకడ లేదు. ఈ పప్పుండ రాయిలో నీరు కదలడమే కష్టం. మోటారు వేసినా ఆపినా వెంటనే పట్టించుకోదు. నెమ్మదిగా, ఆలస్యంగా కిందికి పోతుంది. కానీ దీంట్లో కూడా నీళ్ళు దిగాయంటే తోట కిందున్న నీళ్ళు నిజంగానే తరిగిపోతున్నాయని అర్థం. తాతముత్తాతల నాటి నీళ్ళవి, పోతే మన ఆయుష్షులో మళ్ళీ రావు.

కొలిచే పని ఎవరు చెయ్యాలి? నాయెఫ్‌కు తీరిక లేదు. మస్తాన్ వలీకి తేళ్ళంటే భయం. చివరికి మదార్బీకే పడింది. పొద్దున్నే మూత తాళం తీసి, పొడుగాటి టేపు లోపలికి వదలాలి. టేపు కొసన బరువు ఉంటుంది, నీళ్ళు తగలగానే పైన చుట్ట దగ్గర కీచుమని మోగుతుంది. అక్కడ ఆపి, పైపు అంచు దగ్గర అంకె చూడాలి. తొలిరోజు అంకె దగ్గర తబ్రేజ్ గుర్తుగా ఎర్ర దారం కట్టి ఇచ్చాడు. "పెద్దమ్మా, మామాకు చదువు రాదు. అంకె చెబితే అర్థం కాదు. నిన్నటికంటే జ్యాదానా, కమ్మా, అంతే చెప్పు," అన్నాడు. ఎక్కువా, తక్కువా అని.

ఇక్కడే వచ్చింది తంటా. తబ్రేజ్ చెప్పింది అంకె సంగతి. అంకె జ్యాదా అంటే నీళ్ళు ఇంకా లోతుకు పోయాయని. మదార్బీకి అది బాగానే అర్థమైంది, బోర్ల సీమలో పుట్టిన మనిషి. రోజూ పొద్దున పెద్దావిడ కాఫీ తాగుతూ "మోయా?" అని అడిగేది, నీళ్ళు ఎట్లా ఉన్నాయని. అంకె మారకపోతే ఈమె "సేమ్ సేమ్" అనేది. పెరిగితే "జ్యాదా, మామా" అనేది. ఆ మాట అరబ్బీలోనూ ఉంది, జియాదా. అడిగింది నీళ్ళ గురించి, జవాబు జియాదా అని. పెద్దావిడ ఏమనుకుంటుంది? నీళ్ళు పెరిగాయనుకుంది.

"అల్‌హందులిల్లాహ్," అనేది ఆవిడ, రెండు చేతులూ మొహానికి పూసుకుని.

ఆ మాట వినైనా మదార్బీకి అనుమానం రావాలి కదా అని మీరనవచ్చు. నేనూ అన్నాను. కానీ మేం సుఖానికీ అదే అంటాం, కష్టానికీ అదే అంటాం. బిడ్డ పుట్టినా అల్‌హందులిల్లాహ్, బండి బోల్తాపడి కాలు విరిగినా అల్‌హందులిల్లాహ్, దేవుడిచ్చింది కాదనకూడదు. ఎంత భక్తురాలు ఈ యమ్మ, నీళ్ళు పోతున్నా దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకుంది మదార్బీ. పైగా మన ఇండ్లల్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. చెడ్డమాటను మంచిమాటతో కప్పడం ఆమెకు కొత్తేమీ కాదు. అట్లా ఒకరు పోయాయని చెప్తూ, ఒకరు వచ్చాయని వింటూ, ఇద్దరూ చక్కగా కాఫీ తాగుతూ కాలం గడిపారు. పెద్దావిడ మొహం కళకళలాడింది. ఇరుగుపొరుగుకు ఖర్జూరాలు పంచింది. ఒకరోజు కొడుకును పిలిచి, "నేల కడుపు నిండుతోంది, నీ గడ్డి వేసుకో," అంది. నాయెఫ్ ఆలస్యం చెయ్యలేదు. పెద్ద మడి దున్ని లూసర్న్ చల్లాడు. నీళ్ళు చిమ్మే గొట్టాలు పగలంతా తిరగడం మొదలైంది.

ఆ వారం మదార్బీ మా కొట్టుకు వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుంది.

"లాలన్నా, ఈ అరబ్బోళ్ళ గుండె ధైర్యం మనకు లేదబ్బా. నీళ్ళు పాతాళానికి పోతాండాయని నేను దినామూ చెప్తాండా. ఆ యమ్మ నవ్వతాది. ఇప్పుడు కొత్తగా గడ్డి గూడా ఏసినారు!"

"ఏమని చెప్తాండావు?" అన్నాను చక్కెర తూస్తూ.

"జ్యాదా అని."

నా చేతిలో చక్కెర గరిటె అట్లాగే ఉండిపోయింది. "మోయా అని అడిగితే జ్యాదా అంటాండావా? ఓ మహాతల్లీ! ఆ యమ్మ నీళ్ళు పెరిగినాయనుకుంటాంది!"

ఆమె మొహం చూడలేకపోయాను. అంత నోరున్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు జాలేసింది. జాలితోనే ఒక ఉపాయం చెప్పాను. "ఏం కాదులేమ్మా. రేపటి నుంచి నాగిస్ అను. నాగిస్ అంటే తగ్గిందని. ఇన్నాళ్ళూ పెరిగింది, ఇప్పుడు తగ్గతాంది అనుకుంటారు. నీ తప్పని ఎవరికీ తెలీదు."

కొంగు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కినట్టు, రేపటి నుంచి దిగినట్టా? ఎక్కినదాంట్లో నుంచి రొంత దిగితే ఏమిలే అనుకుంటాది ముసలామె. మోటారు ఆడతానే ఉంటాది. నన్ను కాపాడుకోను ఆ యమ్మ చెట్లను చంపమంటావా లాలన్నా?"

"నీ మంచికే చెప్పినా."

"మా ఊర్లో గూడా అందరూ మంచికే చెప్పినారు. మా చీనీతోటలో బోరు పోతాండాదని ఊరంతటికీ తెలుసు. నీళ్ళు యాడికి పోతాయిలే, ఉంటాయిలే అనిరి. నోటి నుంచి చెడ్డమాట రాకూడదంట. కాపుకొచ్చిన చీనీ చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్న్యాం. ఆ వంట తిన్న నోరు ఇది. ఇది మూసుకోదు."

ఆమె సరుకులు కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

తోవలో మస్తాన్ వలీ బండి నడుపుతూ అదే పాట పాడాడట. "మదారక్కా, నీకెందుకు చెప్పు? నాయెఫ్ బాబాకు కోపమొస్తే ఇద్దర్నీ ఖురూజ్ కొట్టి పంపిస్తాడు." ఖురూజ్ అంటే మళ్ళీ రాకుండా వెళ్ళగొట్టే ముద్ర. మా వాళ్ళకు అంతకంటే భయంకరమైన మాట ఆ దేశంలో లేదు. "పంపిస్తే నువ్వు పో, నంద్యాల్లో నీ పెండ్లాం ఎదురు చూచ్చాంటాది," అందట ఈమె.

శుక్రవారం మధ్యాహ్నం. తల్లీ కొడుకూ కబ్సా పళ్ళెం ముందు కూర్చున్నారు, అంటే మాంసం వేసి వండిన అన్నం. మదార్బీ పళ్ళెం పెట్టింది, నీళ్ళు పెట్టింది, లోపలికి పోలేదు. టేపు చుట్ట తెచ్చి తివాచీ మీద పరిచింది. తనకొచ్చిన అరబ్బీలోనే చెప్పింది. "మామా, జ్యాదా తప్పు. నీళ్ళు కింద. రోజూ కింద." ఎర్ర దారం చూపించింది. "నువ్వు బోరు వేసిన రోజు నీళ్ళు ఇక్కడ." తరువాత టేపు వెంబడి మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి, ఆ రోజు పొద్దున నీళ్ళు తగిలిన చోట వేలు పెట్టింది. "ఇప్పుడు ఇక్కడ." దారానికీ వేలికీ నడుమ మనిషి పడుకునేంత జాగా ఉంది. మస్తాన్ వలీ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు, తరువాత వాడే నాకు చెప్పాడు.

నాయెఫ్ ముందు నవ్వాడు. తరువాత, దీనికి టేపు చూడ్డం రాదు, గడ్డి బాగా పెరుగుతోంది కదా, నీళ్ళు లేకపోతే ఎట్లా పెరుగుతుంది అన్నాడు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఆ ఎర్ర దారం వైపే చాలాసేపు చూసింది. చూసి చూసి, ఆవిడ కోపం మదార్బీ మీదికే తిరిగింది.

"ప్రతి పొద్దునా నాకు సంతోషం ఇచ్చావు. పంచుకోమని ఇరుగుపొరుగుకు కూడా ఇచ్చాను. ఇప్పుడు తిరిగి లాక్కుంటావా? ఇక నా ఇంట్లో నీళ్ళ మాట ఎత్తావంటే ఊరుకోను," అంది. టేపు మస్తాన్ వలీకి ఇప్పించింది. రేపటి నుంచి నువ్వు కొలిచి చెప్పమంది. మదార్బీని పంపేద్దామని నాయెఫ్ అంటే, ఆ మాట కూడా కాదంది. ఆవిడ మోకాళ్ళు ఎట్లా పట్టాలో ఇంకెవరికీ తెలియదు మరి.

నాకు ఆ పెద్దావిడ మీద కోపం వచ్చింది. ఇంత చెప్పినా ఇదా ఫలితం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అంత తప్పు పట్టలేను. నడవలేని మనిషికి దక్కిన ఒక్క మంచి వార్తను ఈమె తీసేసుకుంది. కోపం రాదా?

మస్తాన్ వలీ కొలత ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? టేపు గ్యారేజీలో మేకుకు వేలాడేది. ఈయన గారు పండ్లు తోముకుని, తలకు నూనె రాసుకుని, వచ్చి "తమామ్, మామా" అనేవాడు. అంతా బ్రహ్మాండం అని. బోరు దగ్గరికి పోయిన పాపాన పోలేదు.

మదార్బీ ఊరుకుంటుందా? తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే గ్యారేజీలో టేపు తీసుకుని బోరు దగ్గరికి పోయేది. కొలిచి, టేపు మళ్ళీ మేకుకు తగిలించేది. తరువాత చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. పెద్దావిడ ఎండలో కుర్చీ వేయించుకుని కూర్చునే చోట సరిగ్గా అక్కడే ఊడ్చేది. ఊడుస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, గొంతెత్తి తెలుగులో అనేది, "దిగింది!"

చీపురు కొస నేలకు ఒక్క పోటు పొడిచి మరీ అనేది. నీళ్ళు మారని రోజు "అంతే ఉంది" అని చీపురు అడ్డంగా తిప్పేది. కోళ్ళకు గింజలు వేస్తూ అనేది, గిన్నెలు తోముతూ అనేది. నీళ్ళ మాట ఎత్తొద్దన్నారు కదే అని నేనడిగితే, "అరబ్బీలో కదా ఎత్తొద్దనింది. నా తెలుగు మీద ఆ యమ్మకేం పెత్తనం?" అంది. నవ్వలేక చచ్చాను. భయం కూడా వేసింది.

నాయెఫ్‌కు చిరాకెత్తింది. "అదేమిటి రోజూ అరుస్తోంది?" అని మస్తాన్ వలీని అడిగాడు. వీడు తడుముకోకుండా, "దేవుణ్ణి తలుచుకుంటోంది బాబా, వాళ్ళ ఊరి అలవాటు," అన్నాడు. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం వాణ్ణి మెచ్చుకోవాలి. కానీ నాయెఫ్ మరీ అంత అమాయకుడు కాదు. ఒకరోజు వంటింటికి వచ్చి, ఇంకొక్కసారి ఆ అరుపు వినిపిస్తే ఖురూజ్ కొట్టిస్తానని వేలు చూపించి చెప్పాడు. మదార్బీ ఆ పూటే తన పెట్టె సర్దుకుంది. చీరలు, మందులు, ఊరికి దాచుకున్న కంబళి అన్నీ పెట్టి, తాళం వేసి, అందరూ నడిచే వసారాలో తెచ్చి నిలబెట్టింది. నన్ను పంపడానికి మీకు కష్టం లేకుండా సర్ది పెట్టినా అని అర్థం. మర్నాడు పొద్దున ఆ పెట్టె పక్కనే నిలబడి ఊడ్చింది. దిగింది!

అందరూ ఆ పెట్టెను చుట్టి నడిచేవాళ్ళు. ఎవ్వరూ దాన్ని లోపల పెట్టమనలేదు, బయట పెట్టమనీ అనలేదు.

చలికాలం వచ్చింది. లోజ్ కొండ మీద మంచు పడిందని జనం కార్లు కట్టుకుని చూడ్డానికి పోతున్నారు. నేను బియ్యం, నూనె డబ్బాలు బండిలో వేసుకుని ఆ మజ్రాకు పోయాను. మస్తాన్ వలీ సరుకు దింపుతున్నాడు. లూసర్న్ మడి పచ్చగా, కంటికి ఇంపుగా ఉంది, నిజం చెప్పాలి కదా. గొట్టాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. నాయెఫ్ మడి గట్టున నిలబడి కాఫీ తాగుతున్నాడు. పెద్దావిడ మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చుంది. ఆవిడ ఖర్జూరాల వైపు చూస్తోంది. వసారాకు దగ్గరి చెట్టు మొవ్వు ఆకులు కొసల్లో ఎండాయి.

"తమామ్, మామా," అన్నాడు మస్తాన్ వలీ, నూనె డబ్బా మోస్తూనే.

ఆవిడ వాడి వైపు చూడలేదు. బోరు వైపు నుంచి మదార్బీ వస్తోంది. మామూలుగా చీపురు తీసుకోబోయింది. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. అయిపోయింది, ఈ రోజుతో పెట్టె బండెక్కుతుంది, నా బండే ఎక్కుతుంది కాబోలు అనుకున్నాను.

"మదార్," అంది పెద్దావిడ. తరువాత, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ, మా భాషలో అడిగింది. "దిగిందా?"

నాయెఫ్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. మస్తాన్ వలీ డబ్బా కింద పెట్టేశాడు. నేను ఆ దేశంలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నాను. అరబ్బుల నోట హిందీ విన్నాను, ఇంగ్లీషు విన్నాను. రాయచోటి మాట వినడం అదే మొదటిసారి. మదార్బీ ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

"దిగింది, మామా."

"ఏమంటోంది?" అని నాయెఫ్ అడిగాడు.

"నువ్వు నాకు చెప్పని మాట," అంది తల్లి. "మోటారు ఆపు."

ఇప్పుడు ఆపితే గడ్డి ఎండిపోతుందన్నాడు. ఎండనీ, ఒంటెలకు గడ్డి ఎక్కడైనా కొనుక్కోవచ్చు, నేల కింది నీళ్ళు నాకెవడు అమ్ముతాడు అంది. ఒక ఖద్దామా మాట పట్టుకుని ఇంటి మగవాణ్ణి కాదంటావా అని అతను గొంతు పెంచాడు. ఖద్దామా అంటే పనిమనిషి. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఈ ఇంట్లో మీరందరూ నాకు భయపడి తమామ్ అన్నారు. నా చెట్లు చచ్చిపోయేదాకా అంటూనే ఉండేవాళ్ళు. నాకు భయపడకుండా రోజూ నా ముందుకొచ్చి నిలబడింది ఇదొక్కతే. మదార్, నువ్వు పోయి ఆపు."

మదార్బీ నాయెఫ్ పక్క నుంచే నడిచిపోయింది. అతను దారి ఇవ్వలేదు, ఆమె చుట్టూ తిరిగి పోలేదు. భుజం తగిలించుకుంటూ పోయి షెడ్డులో స్టార్టర్ బటన్ నొక్కింది. గొట్టాల్లో నీళ్ళు సన్నగిల్లి, చినుకులై, ఆగిపోయాయి. నాయెఫ్ కప్పు గట్టు మీద పెట్టేసి బండెక్కి ఎటో వెళ్ళిపోయాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కఫీల్ దయ మీద, అంటే వీసా ఇచ్చిన అరబ్బు దయ మీద బతికేవాణ్ణి కాబట్టి కొట్టలేదు.

పెద్దావిడకు ఆయాసం వచ్చింది. కాసేపు గాలి పీల్చుకుని, నన్ను దగ్గరికి పిలిచింది. అరబ్బీలో అడిగింది, చిన్నపిల్ల ముచ్చట పడినట్టే. "మీ భాషలో నీళ్ళు పెరిగాయనడానికి ఏమంటారు? ఆ మాట కూడా నాకు నేర్పు. రేపటి నుంచి అది వినాలి నేను."

ఆవిడ అడిగింది మదార్బీకి తెలుగులో చెప్పాను. చెప్పి, ఎక్కింది అనే మాట పెద్దావిడకు చెప్పబోయాను.

"చెప్పొద్దు లాలన్నా," అంది మదార్బీ. "ఆ మాటతో ఈ యమ్మకు పనిలేదు. ఆ రాయిలో పోయిన నీళ్ళు ఈ యమ్మ బతికుండంగా రావు, నేను బతికుండంగా రావు. మోటారు ఆపినామని ఆ రాయికి తెలిసేకే దినాలు పడతాది. అంతవరకూ దిగతానే ఉంటాది. అట్లే చెప్పు ఆ యమ్మకు. మెత్తగా చెప్పొద్దు."

చెప్పాను. మెత్తగా చెప్పే అవకాశం నాకు లేదు, పక్కనే నిలబడి నా మొహం చూస్తోంది కదా. పెద్దావిడ మొహం పాలిపోయింది. ఎండిన మొవ్వు ఆకుల వైపు మళ్ళీ చూసింది. "అయితే నేను వినడానికి ఏ మాటా లేదా?" అంది.

మదార్బీ కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, ఆవిడ మోకాళ్ళ మీద రెండు చేతులూ వేసింది.

"ఉండాది మామా. ఆగింది. ఆ... గిం... ది." దిగడం నిలిచిందని అర్థమని నేను అరబ్బీలో చెప్పాను.

"ఆగింది," అంది పెద్దావిడ. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా, ఆశగా, మదార్బీ కళ్ళల్లోకి చూస్తూ. "ఆగింది?"

"ఇంకా లేదు," అంది మదార్బీ. "ఆగిననాడు నేనే వచ్చి చెప్తా."